కట్టి చూసినవాడు, ఉండి చూసినవాడు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అనే సామెతని మనం ఎప్పుడూ డబ్బు గురించే వాడతాం. ఇరవై లక్షలనుకున్నది ముప్పై అవుతుంది, మేస్త్రీ చెప్పాపెట్టకుండా ఇంకో సైటుకి వెళ్ళిపోతాడు, శ్లాబు వేసే రోజే వాన పడుతుంది. గృహప్రవేశం అయిపోతే సామెత పని కూడా అయిపోయినట్టే. ఆ ఇంట్లో ఉండి చూడమని మాత్రం అది చెప్పదు. ఇటాలియన్ రచయిత పావొలో కొన్యెత్తి రాసిన ‘ది ఎయిట్ మౌంటెన్స్’ నవలలో ఇద్దరు స్నేహితులు కలిసి కొండ మీద ఇల్లు కడతారు. ఒకడు కట్టి చూస్తాడు. ఇంకొకడు కట్టీ చూస్తాడు, ఉండీ చూస్తాడు. ఈ తేడాలోనే నవల ప్రాణం ఉందని నా అభిప్రాయం.

2016లో వచ్చిన ఈ పుస్తకానికి 2017లో ఇటలీలో పేరున్న స్ట్రేగా బహుమతి వచ్చింది. సైమన్ కార్నెల్, ఎరికా సెగ్రె చేసిన ఇంగ్లీషు అనువాదంలో నేను చదివాను. 2022లో సినిమాగా వచ్చి, కాన్స్ జ్యూరీ బహుమతిని మరో సినిమాతో పంచుకుంది. ఆ సినిమా చూసిన స్నేహితులు కొందరు నాతో అన్నది ఒకటే మాట: “మనం కూడా ఎక్కడో కొండల్లో ఓ చిన్న ఇల్లు కట్టుకోవాలి బ్రో.” అరకు దగ్గరో, వికారాబాద్ దాటాకో ఓ అరెకరం. ఆ కోరికని వెక్కిరించాలని లేదు. రోజంతా ఏసీలో కూర్చుని స్క్రీన్ చూసేవాళ్ళకి రాయినీ కలపనీ చేత్తో ముట్టుకోవాలనిపించడం సహజమే. కాకపోతే ఈ నవల ఆ కోరికని బుజ్జగించదు, ఎదురుగా కూర్చోబెట్టి లెక్క అడుగుతుంది. ఆ లెక్క ఏమిటో చెప్పాలంటే కథ చివరిదాకా మాట్లాడుకోవాలి. ముగింపు తెలిసిపోతే ఇబ్బందనుకునేవాళ్ళు పుస్తకం చదివాక ఇటు రండి.

కథ క్లుప్తంగా ఇదీ. పియెత్రో మిలాన్ పిల్లాడు. వేసవుల్లో అమ్మానాన్నలతో ఆల్ప్స్‌లోని అవోస్తా లోయకి, గ్రానా అనే ఊరికి వెళ్తుంటాడు. లోయ నిజం, ఊరు కల్పితం. అక్కడ ఆవులు కాసే తన ఈడు పిల్లాడు బ్రూనోతో స్నేహం. బ్రూనోని మిలాన్ తీసుకెళ్ళి చదివిద్దామని పియెత్రో తల్లిదండ్రులు అనుకుంటారు. బ్రూనో తండ్రి పడనివ్వడు, కొడుకుని తనతోపాటు తాపీపనికి తీసుకుపోతాడు. ఇటు పియెత్రో పెద్దవుతున్నకొద్దీ నాన్నతో కొండలెక్కడం మానేస్తాడు, ఆ తర్వాత మాట్లాడటమూ తగ్గించేస్తాడు. నాన్న పోయాక గానీ తెలియదు, ఆయన కొండ మీద ఒక పాడుబడ్డ కట్టడాన్ని తన కోసం వదిలి వెళ్ళాడని. దాన్ని మళ్ళీ ఇల్లుగా నిలబెడతానని బ్రూనో ఆయనకి మాటిచ్చి ఉన్నాడు. పియెత్రోకి అప్పటికి ముప్పై దాటాయి. జీవితం ఇంకా ఓ దారిన పడలేదు.

ఆ చోటు పేరు బార్మా ద్రోలా. వింత బండ అని చెప్పుకోవచ్చు. కొండరాయిని ఆనుకుని మొండి గోడలు మిగిలాయి. కారు వెళ్ళే దారి లేదు. మంచు కరిగాక మొదలుపెట్టి, మళ్ళీ మంచు పడేలోపు కప్పు వేసెయ్యాలి. సామాను కంచరగాడిద మీదో, మనుషుల వీపు మీదో ఎక్కాలి. నవల మూడు భాగాల్లో రెండోదాని పేరుకి తెలుగు చెప్పుకుంటే ‘సయోధ్య ఇల్లు’. నాకు పుస్తకంలో అన్నిటికన్నా నచ్చినవి ఈ ఇల్లు లేచే నెలల పేజీలే. వాటిలో గొప్ప సంఘటనలేమీ లేవు. పొద్దున్నే లేవడం, పాత రాళ్ళలో పనికొచ్చేవి ఏరడం, గోడ ఎత్తడం, తినడం, పక్కనున్న చెరువులో మునగడం, రాత్రి నిప్పు దగ్గర వైన్ తాగడం, మర్నాడు మళ్ళీ అదే.

ఈ రోజువారీలో కొన్యెత్తి చేసిన మొదటి మంచి పని, అంతస్తులు తారుమారు చెయ్యడం. చదువుకున్నవాడు ఇక్కడ కూలి, చదువు అందనివాడు మేస్త్రీ. ఏ రాయి ఎక్కడ కూర్చుంటుందో బ్రూనోకి తెలుసు. పియెత్రో అందించాలి, మొయ్యాలి, చెప్పింది చెయ్యాలి. చిన్నప్పుడు బ్రూనోకి చదువు దక్కకపోవడమనే అన్యాయం దీనివల్ల సరిదిద్దబడదు, రచయిత కూడా అలా నటించడు. కానీ ఆ వేసవిలో బ్రూనోకి తెలిసినదానికి విలువ కట్టేవాడు ఒకడు పక్కన నిలబడ్డాడు, అంతే. అది చాలా చిన్న సంగతి. చిన్నదిగానే ఉంచడం రచయిత నిగ్రహం.

రెండోది ఇంకా లోతైనది. పియెత్రో దూరమైన ఏళ్ళలో నాన్నతో కొండలెక్కింది బ్రూనో. అంటే కొడుకు ఖాళీ చేసిన చోట స్నేహితుడు కూర్చున్నాడు. గ్రానా ఇంట్లో గోడ మీద నాన్న మ్యాపు ఒకటుంటుంది. తను నడిచిన దారులు, కొడుకు నడిచినవి, బ్రూనో నడిచినవి వేర్వేరు రంగుల్లో గీసుకున్నాడాయన. కొడుకు రంగు ఒక చోట ఆగిపోతుంది, బ్రూనో రంగు ముందుకి పోతుంది. ఈ సంగతి ఇద్దరు మగాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోగలరా? మన ఇళ్ళల్లో అయితే ససేమిరా కుదరదు. పని చేస్తూ అయితే కుదురుతుంది. రాయి అందించేటప్పుడు చూపు రాయి మీద ఉంటుంది, మొహాలు చూసుకోనక్కర్లేదు. మాట తెగిపోయినా ఇబ్బంది లేదు, చేతిలో పని ఉంది. నాన్న గురించి పియెత్రో తెలుసుకునే చాలా విషయాలు ఇలా గోడతోపాటే ఒక్కో వరస పేరుకుంటాయి. దుఃఖం గురించి పేజీలకి పేజీలు రాసే నవలలు మనకి తక్కువేం లేవు. దుఃఖాన్ని దినకూలిలా నడిపించే నవల అరుదు.

భాష కూడా ఆ పనికి తగ్గట్టే ఉంటుంది. పొట్టి వాక్యాలు, ఉపమానాలు పొదుపుగా. దీనికి కారణం పుస్తకంలోనే దొరుకుతుంది. పట్నం స్నేహితులు కొండ మీదికొచ్చి ‘ప్రకృతి’ అని మురిసిపోతుంటే బ్రూనోకి విసుగు. ఆ మాట మీదే, మాకు ఉన్నవి మేతబీడు, వాగు, బండ, కాలిబాట. వేలు పెట్టి చూపించగలిగేవి, వాడుకోగలిగేవి అన్న అర్థంలో మాట్లాడతాడు. పర్యావరణం మీద ఉపన్యాసంలా కాకుండా ఒక మేస్త్రీ చిరాకులా వస్తుంది ఆ మాట. అందుకే గుచ్చుకుంటుంది. ‘కొండల్లో ఇల్లు’ అని మనం కలగంటున్నప్పుడు ఆ కలలో వాగు ఉంటుందా, లేక వాగు ఫొటో ఉంటుందా?

ఇంకో సంగతి గమనించాలి. వాళ్ళు కట్టే కొత్త ఇల్లు ఖాళీ నేల మీద లేవదు, ఎవరో వదిలేసిపోయిన శిథిలం మీద లేస్తుంది. ఆ వదిలేసిపోయినవాళ్ళు ఎవరు? రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటాలియన్ ఆల్ప్స్ ఊళ్ళ నుంచి జనం తూరిన్ లాంటి నగరాల ఫ్యాక్టరీలకి దిగిపోయారు. పక్కనున్న పీడ్‌మాంట్‌లోని కూనియో ప్రాంతపు రైతుల చేత నూతో రెవెల్లి ఈ కథలు చెప్పించి, 1977లో ఓడిపోయినవాళ్ళ లోకం అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. కొన్యెత్తి నవలకి వెనకున్నది ఆ లోకం. పాలమూరు వలస గురించి, శ్రీకాకుళం వలస గురించి చదివిన మనకి తాళం వేసిన ఇళ్ళ వీధి అర్థం కావడానికి ఫుట్‌నోట్ అవసరం లేదు. సెలవులకి వచ్చే పట్నంవాడికి అందంగా కనిపించే మొండిగోడ, అక్కడే పుట్టినవాడికి పొరుగింటి గోడ.

ఇల్లు కట్టుకోవడం గురించిన రాతల్లో ఒక పాత అలవాటుంది. ఇల్లు ఆలోచనగా మారగానే పని చేసిన చేతులు మాయమవుతాయి. థోరో దీనికి కొంత మినహాయింపు. వాల్డెన్ చెరువు దగ్గర 1845లో వేసుకున్న గుడిసెకి మేకులతో సహా లెక్క రాసి, మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని తేల్చాడు. కానీ ఆ నేల స్నేహితుడు ఎమర్సన్‌ది. ఇక హైడెగర్‌కి జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో, టోట్నౌబెర్గ్‌లో 1922 నుంచి ఒక చిన్న ఇల్లుండేది. 1951లో ఆయనిచ్చిన ఉపన్యాసంలో కట్టడం, నివసించడం, ఆలోచించడం ఒకదానితో ఒకటి ముడిపడినవంటాడు. అందులో బ్లాక్ ఫారెస్ట్ రైతు ఇంటి వర్ణన అందంగా ఉంటుంది. ఆయన సొంత ఇంటిని పూనుకుని కట్టించింది మాత్రం భార్య ఎల్ఫ్రీడే. కొన్యెత్తి ఈ అలవాటుకి ఎదురు వెళ్తాడు. ఆలోచించేవాణ్ణీ కట్టేవాణ్ణీ ఒకే గోడ దగ్గర నిలబెట్టి, ఇల్లెవరిదని అడుగుతాడు. కాగితాల ప్రకారం పియెత్రోది. చేతుల ప్రకారం బ్రూనోది. నాన్న పన్నాగం బహుశా అదే: ఒకరికి స్థలం ఇచ్చి, రెండోవాడి దగ్గర మాట తీసుకుని, ఇద్దర్నీ విడిపోకుండా కట్టెయ్యడం.

మూడో భాగంలో లెక్క మొదలవుతుంది. పియెత్రో నేపాల్ వెళ్తుంటాడు, వస్తుంటాడు. అతనికి ఆ ఇల్లు తిరిగి రావడానికి ఒక చోటు. బ్రూనో అక్కడే ఉండిపోతాడు. పట్నం నుంచి వచ్చిన లారాతో కలిసి కొండ మీద ఆవుల్ని పెట్టుకుని చీజ్ చేస్తాడు, వాళ్ళకి పాప పుడుతుంది. తర్వాత అప్పులు. వ్యాపారం మునుగుతుంది, లారా పాపని తీసుకుని వెళ్ళిపోతుంది. బ్రూనో దిగి రానంటాడు, బార్మాకి చేరి శీతాకాలం అక్కడే గడుపుతానంటాడు. ఆ మొండితనం చివరికి అతని ప్రాణం తీస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ పనిలో రిలీజ్ రోజున కేకు కోస్తారు. ఆ తర్వాత పదేళ్ళు దాన్ని నడిపేవాడికి కేకు ఉండదు, టికెట్లు ఉంటాయి. ఇల్లయినా అంతే. కట్టడానికి ఒక వేసవి చాలింది. ఉండటానికి ప్రతి చలికాలమూ కొత్తగా కట్టెలు కావాలి, తిండి కావాలి, బ్యాంకు వాయిదా కావాలి, ఇంకో మనిషి కావాలి. నవల ఈ నిజాన్ని చూసింది.

నా ఫిర్యాదు కూడా సరిగ్గా ఇక్కడే. కట్టిన నెలల్ని రాయి రాయిగా చూపించిన రచయిత, ఉన్న ఏళ్ళని సారాంశంలా చెప్పుకుపోతాడు. చీజ్ చేసే ఇంటి రోజు ఎలా మొదలై ఎలా ముగిసేది? చంటిపాపతో ఆ చలిలో లారా ఏం పడింది? బిల్లు కట్టలేని నెల ఎలా గడిచింది? కథ చెప్పేది పియెత్రో, అతను అప్పుడు అక్కడ లేడు కాబట్టి మనకీ తెలియదని సమర్థించవచ్చు. ఆ సమర్థనలో నిజాయితీ ఉంది, లేనివాడికి తెలిసినంతే రాశాడు. అయినా నష్టం నష్టమే. ఇద్దరు మగాళ్ళు కలిసి ఎత్తిన గోడకి అన్ని పేజీలు దక్కి, ఆ జీవితాన్ని ఈడ్చిన ఆడమనిషికి నాలుగు మాటలు దక్కడం పాత కథే. లారా వైపు నుంచి రాస్తే ఇదే కొండ ఇంకో నవల అవుతుంది. దాన్ని చదవాలని నాకుంది.

ఫెలిక్స్ వాన్ గ్రూనింగెన్, షార్లట్ వాండర్‌మీర్ష్ తీసిన సినిమా ఈ నష్టాన్ని కొంత పూడుస్తుంది, కొంత పెంచుతుంది. వెడల్పు తెర వదిలేసి పాత టీవీలా చదరానికి దగ్గరగా ఉండే ఫ్రేము ఎంచుకోవడం మంచి నిర్ణయం. కొండ పోస్టుకార్డులా పరుచుకోకుండా నిట్టనిలువుగా లేస్తుంది, మనుషులు దాని కింద ఇరుక్కుని ఉంటారు. బ్రూనోగా అలెస్సాండ్రో బోర్గి ఒంట్లోనే మేస్త్రీ ఉన్నాడు. అయితే ఇల్లు కట్టడం మాత్రం త్వరగా అయిపోతుంది. మన సినిమాల్లో హీరో ఒక పాటలో మేడ లేపినంత కాకపోయినా, రాయి బరువు మన భుజం దాకా రాదు. పుస్తకంలో విసుగు పుట్టించేంత మెల్లగా గోడ లేస్తుంది. ఆ విసుగు కూడా అనుభవంలో భాగమే, సినిమాకి అంత తీరిక లేదు.

ఇల్లయ్యాక పియెత్రో దాని పక్కన ఒక చిన్న కొండ పైన్ మొక్కని తెచ్చి నాటుకుంటాడు. ఈ జాతి మొక్క మొలిచిన చోట మహా గట్టిది, పెరికి వేరేచోట పెడితే మాత్రం బలహీనపడుతుందని బ్రూనో చెబుతాడు. ఇది పియెత్రో గురించేనని పాఠకుడు అనుకుంటాడు, మిలాన్ నుంచి పెరికి తెచ్చిన మొక్క అతనే కదా. పుస్తకం అయిపోయాక వెనక్కి వెళ్ళి చదివితే ఆ మాట అన్నవాడి మీదే పడుతుంది. పియెత్రో ఎక్కడ పెట్టినా ఎలాగో బతికాడు. మొలిచిన చోటు వదలలేనివాడు బ్రూనో, ఆ చోటే అతన్ని మిగల్చలేదు. గట్టి వేళ్ళున్న మనిషికి నేల కూడా అంతే గట్టిగా నిలబడాలి. ఊరు ఖాళీ అయ్యాక ఆ నేలని ఒక్కడి వేళ్ళు పట్టి ఉంచలేవు. చుట్టూ ఊరు లేకుండా కొండ మీద ఇల్లొక్కటే ఎన్ని చలికాలాలు కాస్తుందన్నదే ఈ నవల అడిగే లెక్క. స్థలం రేట్లు వెతుకుతున్న స్నేహితులకి ఈ పుస్తకం ఇస్తున్నది అందుకే.