చంచి: అరకో లెక్క

మా అమ్మమ్మ రొంటిన ఎప్పుడూ ఒక చంచి ఉండేది. చేను గట్టు మీద కూర్చున్నా, పెళ్లి పందిట్లో కూర్చున్నా దాన్ని తీసి ఒళ్లో పరిచేది. మడత విప్పితే ఒక అరలో తమలపాకులు, మరో అరలో వక్కలు, ఇంకో దాంట్లో సున్నపు కాయ. ఎదుటివాళ్లతో మాట్లాడుతూనే ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, చుట్టి నోట్లో వేసుకునేది. చూపు చంచి మీదికి వచ్చేదే కాదు. కరెంటు పోయిన రాత్రుల్లో కూడా లవంగం కోసం ఆమె వేళ్లు తడుముకోగా నేను చూడలేదు.

నేను కుట్టు నేర్చుకుంటున్న రోజుల్లో కత్తెర, టేపు, దారాలు పెట్టుకోవడానికి అలాంటి సంచి ఒకటి కుట్టబోయాను. గుడ్డ పరిచి, అందంగా కనబడేలా అయిదు అరలు గీసుకున్నాను. అమ్మమ్మ పక్కనే కూర్చుని చూసి, "మొదలు సామాను జూడు బిడ్డా, తర్వాత కత్తెర వట్టు" అంది. అరల సంచుల గురించి ఈ ముప్పై ఏళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటకు వివరణే.

ఇవాళ ఆర్గనైజర్ అనే పేరుతో దుకాణాల నిండా అరల సంచులు దొరుకుతున్నాయి. అవి ఎవరో ఊహించిన వస్తువులకు, ఎవరో ఊహించిన కొలతలతో తయారవుతాయి. మన వస్తువు వాటిలో ఒదగాలి. చంచిలో మాత్రం వస్తువే ముందు వచ్చింది, గుడ్డ దాని చుట్టూ ఒదిగింది.

ఒక్కో అర ఎందుకు అలా ఉంది?

చంచి తెలుగు పల్లెలకూ మరాఠీ పల్లెలకూ ఉమ్మడి సొత్తు. మరాఠీలోనూ దాని పేరు చంచీయే. కొన్ని ఇళ్లలో వక్కాకు సంచి అంటారు. తాంబూలంలో చేరేవన్నీ నోట్లో కలిసేదాకా విడివిడిగా ఉండాలి. సున్నం తగిలితే గుడ్డ పాడవుతుంది, ఆకు మాడిపోతుంది. వక్క పొడిగా ఉండాలి, ఆకు చెమ్మగా ఉండాలి. పొగాకు ఘాటు లవంగానికి అంటకూడదు. చారెడు గుడ్డలో ఇన్ని విరోధాలకు చోటు చూపించాలి. చంచిని కనిపెట్టింది ఆ అవసరమే.

అమ్మమ్మ చంచి విప్పితే మూరెడు పొడవు, జానెడుకు కాస్త తక్కువ వెడల్పు. అట్టడుగు అర సున్నపు కాయది. ఇత్తడి కాయ కాబట్టి బరువు. ఆమె ఆ చివర నుంచే చుట్టడం మొదలుపెట్టేది. అందువల్ల బరువంతా చుట్ట నడిమధ్యకు చేరేది, వంగినా లేచినా నడుముకు గుచ్చుకునేది కాదు. దాని పైన వక్కల అర. మూతి ఇరుకు, లోతు ఎక్కువ, చంచి పక్కకు ఒరిగినా ఒక్క పలుకు జారదు. ఆ పైన ఆకుల అర. వెడల్పుగా, మెత్తటి పాత పంచె గుడ్డతో కుట్టింది. తడి గుడ్డలో చుట్టిన ఆకులు అందులో నలగకుండా పడుకునేవి. ఆకుల అర వెనకాల బయటికి కనబడని ఒక దొంగ అర ఉండేది. మాకు జాతర రోజున పావలా వచ్చేది దాంట్లోంచే.

ఏ అర ఎంత లోతుండాలో, ఏది పైన ఏది కింద ఉండాలో అలంకారం కోసం ఎవరూ నిర్ణయించలేదు. ఆ అందం పని కుదిరినందువల్ల వచ్చింది.

పాత గుడ్డ గొప్పదనం

చంచి కోసం ఎవరూ కొత్త తాను చింపలేదు. పైకి చిరిగిన నారాయణపేట చీర అంచు, అస్తరుకు తాతయ్య పంచె, అరలకు రవికె ముక్కలు. లేమి ఒక కారణమే. అంతకు మించి, పాత గుడ్డ కుట్టుకు నమ్మకమైనది. వందసార్లు ఉతికిన నూలు గుడ్డ ముడుచుకోవలసినంత ముడుచుకునే ఉంటుంది. పోవలసిన రంగు ఎప్పుడో పోయి ఉంటుంది. పైగుడ్డ ఒక రకంగా, అస్తరు ఇంకో రకంగా ముడుచుకుంటే సంచి మొదటి ఉతుకుకే మెలితిరిగిపోతుంది. పాత గుడ్డల జతకు ఆ బాధ లేదు.

కొత్త గుడ్డ వాడేవాళ్లు దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గంజి వదిలేలా జాడించి, ఆరేసి, ఇస్త్రీ చేసిన తర్వాతే కొయ్యాలి. ముదురు ఎరుపు, నీలం గుడ్డలను తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే అది అస్తరుకు పనికిరాదు. సహజ రంగులతో అద్దిన పెడన కలంకారీ అస్తరుకు చాలా బాగుంటుంది. కరక్కాయ, పటిక పట్టించి, రంగు నీళ్లలో ఉడికించి, ఉతికి ఆరవేసిన గుడ్డ అది. మన ఇంటికి వచ్చేలోపే ఎన్నో నీళ్లు చూసి ఉంటుంది.

సంచి నిటారుగా నిలవడానికి ఇప్పుడు బుక్రమో స్పాంజో పెడుతున్నారు. పెద్దవాళ్లు ఆ పనికి బొంత పద్ధతి వాడారు. రెండు మూడు పొరల పాత గుడ్డ ఒకదానిమీద ఒకటి పరిచి, పెద్ద పెద్ద పోగులతో కచ్చా కుట్టు వేసేవాళ్లు. ఆ కుట్టు నడిమధ్య నుంచి అంచులకు పోవాలి. అంచు నుంచి లోపలికి వస్తే గుడ్డంతా మధ్యకు తోసుకొచ్చి ఉబ్బుతుంది. ఆ తర్వాత పావు అంగుళం ఎడంతో వరుసలుగా సాదా కుట్టు. దారం బిగలాగకూడదు, వదులుగా వదలకూడదు. వరుసలు పూర్తయ్యాక కచ్చా కుట్టు లాగేస్తే చేతికి తగిలేది ఒకే గుడ్డ. చుట్టినా మడిచినా చెప్పిన మాట వింటుంది. బుక్రంలా విరిగి మడత గీత పడదు.

కొలత, కోత, కుట్టు

మొదటిసారి కుట్టేవాళ్లు కుట్టు సామాన్ల చంచితో మొదలుపెట్టడం మంచిది. వస్తువులు చేతిలోనే ఉంటాయి. అన్నిటినీ చాప మీద వరుసగా పెట్టి, ఏది ఎన్నిసార్లు చేతికి వస్తుందో గమనించండి. ఎక్కువగా వాడేది విప్పగానే అందే చోట ఉండాలి. బరువైనది చుట్టడం మొదలుపెట్టే చివర ఉండాలి. సూదులకు అర అక్కర్లేదు, మందపాటి ఉన్ని గుడ్డ ముక్క ఒకటి ఆకులా కుట్టి వాటిని దానికి గుచ్చితే చాలు.

చదునైన వస్తువుకు అర వెడల్పు లెక్క సులువు. వస్తువు వెడల్పుకు దాని మందం కలిపి, చెయ్యి ఆడడానికి ఇంకో అర అంగుళం చేర్చాలి. 3 అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం ఉన్న కత్తెరకు అర 4 అంగుళాలు. రెండువైపులా కుట్టుకు అర అంగుళం చొప్పున వదిలి 5 అంగుళాలు కొయ్యాలి. దారపు రీలు గుండ్రం కాబట్టి చుట్టుకొలతలో సగానికి అర అంగుళం కలపాలి. లోతు విషయానికి వస్తే, వస్తువులో మూడింట రెండు వంతులు లోపల, ఒక వంతు బయట ఉండాలి. అప్పుడే వేళ్లకు అందుతుంది, జారిపోదు.

కోసే ముందు గుడ్డ పడుగు చూసుకోవాలి. గుడ్డ అంచు వెంట పొడవునా పోయే పోగులు పడుగు, అడ్డంగా పోయేవి పేక. పడుగు బిగువుగా ఉంటుంది, తేలిగ్గా సాగదు. సంచి పొడవు పడుగు వెంటే ఉండాలి, లేకపోతే బరువుకు జారి సాగిపోతుంది. అంచు చుట్టూ వేసే పట్టీని మాత్రం 45 డిగ్రీల ఏటవాలుగా కొయ్యాలి. దర్జీలు దీన్నే క్రాస్ పట్టీ అంటారు. ఏటవాలుగా కోసిన గుడ్డ రబ్బరులా సాగి, గుండ్రటి మూలల చుట్టూ ముడత లేకుండా కూర్చుంటుంది. ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీ చంచికి సరిపోతుంది.

ప్రతి అర మూతినీ సంచికి కలపకముందే రెండు మడతలు వేసి కుట్టెయ్యాలి. తర్వాత అక్కడ మిషను పాదం పట్టదు. అరను సంచికి కుట్టేటప్పుడు మూతి రెండు మూలల దగ్గర మూడుసార్లు ముందుకూ వెనక్కూ కుట్టాలి. చెయ్యి దూరిన ప్రతిసారీ లాగుడు పడేది ఆ మూలల మీదే. మామూలు నూలు పొరలకు 14 నంబరు సూది, జీన్స్ ముక్క లాంటి దళసరి గుడ్డ కలిస్తే 16 నంబరు సూది వాడాలి. సన్న సూదితో మందపు గుడ్డ కుడితే కుట్లు తప్పుతాయి, సూది విరుగుతుంది.

చుట్టాక కట్టే బొందును అంచు పట్టీ వేసేటప్పుడే మధ్యకు మడిచి, పట్టీ లోపల దూర్చి కుట్టాలి. విడిగా పైన అతికిస్తే ఊడిపోతుంది. మూటలా ముడుచుకునే సంచి కావాలంటే మూతి చుట్టూ గొట్టంలా మడత కుట్టి, రెండు బొందులను ఎదురెదురు వైపుల నుంచి పిన్నీసుతో దూర్చాలి. రెండు చేతులతో ఒకేసారి లాగితే మూతి మొగ్గలా ముడుచుకుంటుంది.

నా మొదటి సంచిలో ఈ నియమాలన్నీ పాటించినా అది మూసుకోలేదు. అరలను ఒకదానికొకటి ఆనించి కుట్టాను. ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా చుట్టుకుంది, సామాను పెట్టగానే మొండికేసింది. అమ్మమ్మ తన చంచి నా చేతిలో పెట్టింది. అర అరకూ మధ్య వేలెడు ఖాళీ. ఆ ఖాళీలోనే మడత పడుతుంది. వస్తువుల మందాన్ని దాచుకునేది ఆ ఖాళీయే.

చూసి నేర్చుకునే చోట్లు

కొత్త ఆలోచన కోసం నేను మొదట పాత సంచుల దగ్గరికే పోతాను. పాలమూరు తండాల్లో లంబాడీ ఆడవాళ్లు కుట్టే సంచులు నాకు రెండో బడి. రైళ్లు రాకముందు దక్కనులో ఉప్పూ ధాన్యమూ ఎడ్ల మీద మోసుకుంటూ ఊరూరా తిరిగినవాళ్లు వీళ్లు. ఇల్లే నడుస్తుంటే సంచే బీరువా. అందుకే వాళ్ల సంచుల అంచులు అంత దట్టంగా ఉంటాయి. గుడ్డ ముందుగా అరిగేది అంచు దగ్గరే, దారం అక్కడ కంచెలా నిలబడుతుంది.

వాళ్లు సంచికి అద్దం కుట్టడం చూడండి. అద్దానికి రంధ్రం ఉండదు. ముందు దాని మీదుగా నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు వేసి చట్రం కడతారు. ఆ చట్రాన్ని పట్టుకుని చుట్టూ కాజా కుట్టు వంటిది వేస్తూ పోతే దారాలు వెలుపలికి లాగబడి, మధ్యలో అద్దం మెరుస్తుంది. బళ్లారి జిల్లా సండూరులో లంబాణీ (లంబాడీ) ఆడవాళ్ల కుట్టు పనిలో 14 రకాల కుట్లు లెక్కిస్తారు. కిలన్, వేలే, మాకీ, సూర్యకాంతి మాకీ, రేలో, గద్రీ వాటిలో కొన్ని. సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు ఆ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లం ఆ సంగతి చెప్పుకోవాలి, వాళ్ల పని వాళ్ల దగ్గరే కొనాలి.

బెంగాలీ ఇల్లాళ్లు పాత చీరల పొరలతో కుట్టే కాంథాలో దుర్జని అనే చిన్న సంచి ఉంది. నలుచదరపు కాంథా మూడు మూలలను మధ్యకు మడిచి కలిపి కుడితే కవరు తయారవుతుంది. నాలుగో మూల మూత, దాని కొసన చుట్టి కట్టే తాడు. జేబురుమాలుతో ఇప్పుడే మడిచి చూడవచ్చు. ఒక్క కోత లేకుండా అర ఎలా పుడుతుందో చేతికి తెలుస్తుంది. అద్దం, దువ్వెన చుట్టుకునే ఆర్షిలతా కూడా ఆ కాంథా కుటుంబంలోదే. పుణెలోని రాజా దినకర్ కేల్కర్ మ్యూజియానికి వెళ్లినవాళ్లు అక్కడి అడకత్తెరల వరుస ముందు కాసేపు నిలబడాలి. చంచి ఏ వస్తువుల మధ్య బతికిందో అక్కడ అర్థమవుతుంది.

ఇలాంటివి చూసినప్పుడు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇది దేనికోసం? ఎటునుంచి తెరుచుకుంటుంది? బరువు ఎక్కడ పడుతుంది? పువ్వును చూసి గీసుకొస్తే ఒక పువ్వే వస్తుంది. ఈ మూడూ తెలుసుకుని వస్తే పది సంచులు కుట్టగలను.

మళ్లీ విప్పి కుట్టగలిగేది

అమ్మమ్మ చంచిలో వక్కల అర మూడుసార్లు మారింది. అడుగు అరగగానే కుట్లు విప్పి, ఇంకో రవికె ముక్క వేసేది. మిగతా చంచి అలాగే ఉండేది. అచ్చులో పోసిన డబ్బా మూత విరిగితే డబ్బా మొత్తం పారెయ్యాలి. కుట్టిన వస్తువులో ఏ భాగం ఎలా చేరిందో కుట్టే చెబుతుంది, అందుకే బాగుచేసుకోవచ్చు.

మూడేళ్ల కిందట అమ్మకు మాత్రలు పెరిగాయి. చూపు తగ్గింది. ప్లాస్టిక్ డబ్బాలో అన్ని పట్టీలూ కలిసిపోయి, ఏ పూటవి ఏవో తెలియక అవస్థ పడేది. మాత్రల పట్టీలన్నీ మంచం మీద పరిచి కొలిచాను. అమ్మమ్మ చీర అంచు పైకి, పాత పంచె అస్తరుకు పెట్టి మూడు అరల చంచి కుట్టాను. పొద్దుటి అర మూతి మీద అద్దం. మధ్యాహ్నపు అరకు గవ్వ. రాత్రి అరకు ఏమీ లేదు, మెత్తటి గుడ్డ మాత్రమే. వారానికోసారి నేనే సర్దుతాను. ఇప్పుడు అమ్మ నాతో మాట్లాడుతూనే చంచి ఒళ్లో పరుచుకుంటుంది. వేలు గవ్వకు తగలగానే ఆగుతుంది.

మొన్న ఆ చంచిని తిప్పి చూసి, "వెనకాల దొంగ అర పెట్టలేదేమే?" అంది.

"దాంట్లో ఏం పెట్టుకుంటావమ్మా?"

"మనవరాలు వస్తే చేతిలో ఏదో ఒకటి పెట్టొద్దూ?"

కత్తెర పక్కన పెట్టి, పర్సులోంచి పది రూపాయల బిళ్ల తీసి టేపుతో కొలిచాను. అంగుళం పైచిలుకు ఉంది.