ఇనుప ఊరిలో దయ, హక్కు

సూరత్ లింబాయత్‌లో మగ్గాల పని చేసే మన తెలుగు యువకులతో కలిసి మియాజాకి తీసిన ‘ప్రిన్సెస్ మోనోనోకె’ (1997) చూశాము. అంతర్యుద్ధాల జపాన్‌లో, దుంగల కోటగోడ నడుమ ఇనుము కరిగించే కల్పిత పట్టణం అందులో ఉంది. దాని నాయకురాలు ఎబోషి వేశ్యాగృహాల నుంచి స్త్రీలను విడిపించి పని ఇస్తుంది. లోకం వెలివేసిన కుష్ఠు రోగుల పుండ్లు తన చేతులతో కడుగుతుంది. కోట కథలో దొరలే కాక వెలివేయబడినవారూ మనుషులుగా కనిపించడం ఈ చిత్రం గొప్పతనం.

కానీ ఆ రోగులు తయారుచేసేది ఆమె తుపాకులనే. స్త్రీలు రాత్రంతా కొలిమి తిత్తులు తొక్కుతారు. 12 గంటల షిఫ్టు ఎరిగిన మిత్రుడొకరు అడిగాడు: “ఆమె మనసు మారితే వీళ్లు ఎక్కడికి పోతారు?” చిత్రం జవాబు చెప్పదు. కరుణ బోధించవలసిన సన్యాసి జికో కూడా చక్రవర్తి పని మీదే తిరుగుతాడు.

జపాన్‌లో అంటరానివారుగా చూడబడిన బురాకు ప్రజలు 1922లో క్యోటోలో సుయిహేయిషా స్థాపించి, జాలి వద్దు, సమానత కావాలన్నారు. బాబాసాహెబ్ మనకు నేర్పిందీ అదే. ఒకరి దయ మీద నిలిచిన ఊరు ఎంత చల్లనిదైనా కోటే. చివర ఊరు కూలాక, మంచి ఊరు మళ్లీ కడదామంటుంది ఎబోషి. ఆ ఊరి నిర్ణయాల్లో తిత్తి తొక్కినవారికీ మాట ఉండాలని మేమంటాము.