ఇస్తిఆరా – తెలుగు అనువాదం

మర్యమ్ సూరా 4వ ఆయత్‌లో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) ప్రార్థన ఉన్నది. అందులో తల నెరవడం అగ్ని రగలడంగా చెప్పబడింది. బలాగత్ శాస్త్రంలో ఇది ఇస్తిఆరాకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

అయితే దీని అందమంతా ఇస్తిఆరాలోనే లేదని హిజ్రీ 5వ శతాబ్దపు పండితులు అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ 'దలాయిలుల్ ఇఅజాజ్'లో వివరించారు. రగిలినది తెల్లదనమని కాక, తలే రగిలినదని చెప్పడంలో బలమున్నది. ఇంట్లో మంట లేచిందంటే అది ఒక మూలనే కావచ్చు. ఇల్లే మంటలతో రగిలిందంటే అంటుకోని చోటు మిగలలేదన్నమాట. ఆ అర్థాన్నిచ్చేది వాక్య నిర్మాణమే.

దీనిని 'తల నెరిసింది' అని అనువదిస్తే విషయం అందుతుంది, చిత్రం పోతుంది. 'తల పండింది' అంటే నష్టం మరింత ఎక్కువ. తెలుగులో తల పండినవాడు అనుభవశాలి. ఆ ప్రవక్త విన్నవించుకున్నదో, ఎముకలు సైతం సడలిన నిస్సహాయత. నుడికారపు సొంపు కోసం దీనతను పెద్దరికంగా మార్చే హక్కు అనువాదకునికి లేదు.

'తల మండింది' అంటే కోపమని పొరబడవచ్చు. కనుక 'తల తెల్లదనంతో రగిలింది' అనడమే ఉచితం. చెవికి కొత్తగా తోచినా అర్థం చెడదు. అవసరమైతే వివరణను అధోజ్ఞాపికలో ఇవ్వవచ్చు.