ముందు ఇంటిని చూడవలె

విశాఖపట్టణమున బీచి రోడ్డుపై కుర్సురా జలాంతర్గామిని చూచుటకు జనము బారులు తీరుదురు గాని, 1991లో విశాఖ మ్యూజియముగా మారిన పాత డచ్చి బంగళా గడప త్రొక్కువారు, నేను చూచినంతలో, స్వల్పము. త్రొక్కినవారును తిన్నగా జపానువారి బాంబు కడకే పోవుదురు. తప్పనలేము. 1942 ఏప్రిల్ 6వ తేదీన, తొమ్మిదేండ్లైనను నిండని రేవుపై శత్రువిమానములు విరుచుకుపడగా, మూటాముల్లె సర్దుకొని పల్లెలకు తరలిపోయిన ఊరిది.

నా అలవాటు వేరు. పాతయింట కొలువైన ప్రదర్శనశాలకు పోయినప్పుడు వస్తువులకంటె ముందు ఇంటిని చూతును: వాకిలి ఏ దిక్కునకున్నది, గోడ మందమెంత, గాలి ఏ కిటికీన వచ్చి ఏ కిటికీన పోవును. చెమట ఆరని ఈ తీరమున, కరెంటు పంకాలు లేని కాలమున, చలిదేశమునుండి బేరమునకు వచ్చి, 1825లో భీమునిపట్టణమును ఇంగ్లీషువారి పరము చేసి పోయిన జాతి ఎట్లు కాపురమున్నదో ఆ గోడలే చెప్పగలవు. అద్దాల బీరువాలు చెప్పలేవు.

బీరువాలలో జమీందారుల కత్తులు, పట్టుబట్టలు, పింగాణి పాత్రలు కలవు. విశాలమైన ఇండ్లున్నవారి సామానే నిలిచినది! 1966లో "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని వీధులకెక్కినవారి కరపత్రమొక్కటి గాని, కర్మాగారమునకై పొలము లిచ్చి కదలిపోయిన పల్లెల రోకలి యొక్కటి గాని నా కంటబడలేదు.

తెప్ప సంగతి మఱింత చిక్కు. జాలరులును వాడబలిజలును తేలికపాటి దుంగలను త్రాటితో బిగించి కెరటము దాటుదురు. ఒడ్డు చేరగానే ముడులు విప్పి, నీరు పీల్చిన దుంగలను ఇసుకలో ఆరవేయుదురు. తెల్లవారకమునుపే మరల కట్టుదురు. నీటిపై నున్నంతసేపే అది తెప్ప, పిమ్మట నాలుగు కట్టెలు. కావున దానిని తెచ్చి బీరువాలో పెట్టుటయన దుంగలను పెట్టుటే యగును గాని, ఆ ముడి రాదు. ఫైబరు పడవలు వచ్చినవి గదా, ముడి నేర్చు కుర్రవాండ్రును తగ్గిరి. మ్యూజియమువారు జాలారిపేటనుండి యొక పెద్దను పిలిపించి, తగిన కూలి యిచ్చి, సందర్శకుల యెదుట వారమున కొకసారి ఆ బంగళా ఆవరణలో తెప్ప కట్టించి విప్పించిన, బాంబు కడకు పోవువారు కొంతసేపైనను ఆగుదురు.