కోహ్కాలో ద్రాక్షంటు

ఈ వారము భిలాయిలోని కోహ్కా బజారులో మొక్కల బండివాడొకడు ద్రాక్షమొక్క నొకదానిని చూపి, ఇది యంత్రముతో కట్టిన అంటనియు, చేతి అంటు దీని ముందు దిగదుడుపనియు హిందీలో దబాయించినప్పుడు నాకెంత కంటగింపయ్యెనో, చేతిపనిపై నా పక్షపాతమెఱిగిన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

యంత్రము గ్రీకు ఒమేగా అక్షరమువలె కోసి పైకొమ్మను వేరుమూలమున బిగించును. పని వడిగా సాగును, కొమ్మ కదలదు. అయినను అంటు బ్రతుకుట కోత యాకారమువలన గాదు. బెరడునకును కొయ్యకును నడుమనుండు కేంబియమను పలుచని పొరలు, పైకొమ్మదియు వేరుమూలముదియు రెండును, ఒక వైపుననైనను ఒండొంటి నాని, గాయముపై క్రొత్త కణజాలము పెరిగి, అందు నాళములేర్పడి, నీరు మీదికిని ఆకు వండిన యాహారము క్రిందికిని నడువవలెను. లావులు కలియకున్నను, కట్టు వదులైనను, కోసిన మొగము ఎండినను, తీగ చిగిర్చియు నీరసించును. నిదానించి చీలిక అంటు కట్టు మాలి కన్ను ఆ లోపమును ముందే పట్టును.

ఇంతకును, హైదరాబాదు పందిళ్లపై అనాబె షాహి ద్రాక్ష గుత్తులు వ్రేలాడిన కాలము తలపునకు వచ్చినచో నేను దారి తప్పక మానను. అబ్దుల్ బాఖర్ ఖాన్ తెచ్చెనని చెప్పుకొను ఆ రకమునకు నాడు అంటెక్కడిది? అక్టోబరు కత్తిరింపున వచ్చిన కొమ్మముక్కలకే వేళ్లు పట్టించి తోటలు పెంచిరి. సొంత వేళ్లమీదనే అది విరగగాచెను. ఫ్రాన్సుకు మాత్రము అంటు ప్రాణావసరమయ్యెను: ఫిల్లాక్సెరా పురుగు వేళ్ల రసమును పీల్చి తోటలను చంపుచుండగా, 1868లో వృక్షశాస్త్రజ్ఞుడైన ప్లాంషోన్ ప్రభృతులు దానిని గుర్తించిన పిమ్మట, అమెరికా జాతుల వేళ్లే ఐరోపా ద్రాక్షను నిలిపెను. దక్కనులో పిదప నీటి యెద్దడికిని ఉప్పునీటికిని ఓర్చునని డాగ్‌రిడ్జ్ వేరును చేపట్టిరి. అది తీగను మితిమీరి బలిపించి కాపు తగ్గించుట చూచి కొందఱు 110ఆర్ అను మఱొక వేరు వైపు మరలిరి.

ఉక్కు కర్మాగారపు కొలువులకు వచ్చి ఇచ్చట స్థిరపడిన మన తెలుగువారి పెరళ్లలో బాధ వేఱు. వర్షాకాలపు ముసురు, నీరు నిలుచు కన్హార్ నల్లనేల, ఆకు వెనుక తెల్లగా లేచు బూజు తెగులు. ఆకున పుట్టిన ఆ తెగులును ఏ వేరు ఆపగలదు? సరికదా, అది ఐరోపాకు చేరినదే ఆ అమెరికా మొక్కల వెంట! కావున కత్తికిని యంత్రమునకును తీర్పు చెప్పుటకు పూనిన నేను రెండింటిని వదలి చెప్పునది ఇంతే: మట్టిని ఎత్తుగా పోసి, గాలి ఆడుచోట పందిరి వేసి, మామూలు కొమ్మముక్కనే నాటి, అంటునకు పెట్టదలచిన పైకముతో మైలుతుత్తమును సున్నమును కొని బోర్డో మిశ్రమము కలుపుకొనుడు.