సాక్షి మాట మారితే షాటూ మారుతుంది

నిర్దోషికి శిక్ష పడిందంటే మనకు ముందు తట్టేవి పోలీసు దెబ్బలు, డబ్బు తిన్న సాక్షులు. కళ్లారా చూశానన్న మనిషిని మాత్రం అంత తొందరగా అనుమానించం. ఎరల్ మోరిస్ 1988లో తీసిన డాక్యుమెంటరీ ‘ది థిన్ బ్లూ లైన్’ చెయ్యి వేసింది ఆ నమ్మకం మీదే.

1976 నవంబరు, అమెరికాలోని డాలస్. హెడ్‌లైట్లు వేయని కారును ఆపిన పోలీసు అధికారిని ఎవరో కాల్చి చంపారు. ఆ కారును దొంగిలించింది పదహారేళ్ల డేవిడ్ హారిస్. అతను మాత్రం ఆ పగలు తనకు పరిచయమైన రాండల్ ఆడమ్స్‌ను చూపించాడు. ఆడమ్స్‌కు మరణశిక్ష పడింది. 1979లో, ఇంకా మూడు రోజుల్లో అమలవుతుందనగా సుప్రీంకోర్టు ఆపింది. తర్వాత అది యావజ్జీవమైంది.

ఈ సినిమాలో వ్యాఖ్యాత లేడు. మాట్లాడేవాళ్ల పేర్లూ తెర మీద పడవు. హారిస్ ఎంతో నెమ్మదిగా కబుర్లు చెబుతుంటాడు. చాలాసేపటికి తల గోక్కోవడానికి చెయ్యెత్తితే బేడీలు కనిపిస్తాయి. అంతే, అప్పటిదాకా విన్నదంతా మళ్లీ మొదటినుంచి తూచుకోవాల్సి వస్తుంది.

అసలు పనితనం కాల్పుల దృశ్యంలో ఉంది. మోరిస్ దాన్ని నటులతో పదేపదే తీశాడు, ఒక్కోసారి ఒక్కొక్కరి వాంగ్మూలం ప్రకారం. పోలీసు కథనంలో కారులో ఒక్కడే. హారిస్ కథలో పక్క సీట్లో తానే కిందికి నక్కి ఉంటాడు. చనిపోయిన అధికారితో ఉన్న మహిళా కానిస్టేబుల్ నియమం ప్రకారం కారు దిగిందా, లోపలే కూర్చుందా అన్న సందేహం వచ్చినప్పుడు ఆమె విసిరిన మిల్క్‌షేక్ కప్పు స్లోమోషన్‌లో గాల్లో తిరిగి నేల మీద పడుతుంది. వెనక ఫిలిప్ గ్లాస్ సంగీతం ఒకే వరసను తిప్పి తిప్పి వాయిస్తుంటుంది. ఇన్నిసార్లు చూపించినా ‘జరిగింది ఇదే’ అని ఏ షాటూ అనదు.

చిన్నప్పుడు టీవీలో వచ్చే డిటెక్టివ్ షోలంటే పడిచచ్చేదాన్నని ఒక సాక్షి అంటుంటే మోరిస్ మధ్యలో పాత సినిమా ముక్కలు అతికించాడు. అది కాస్త వెక్కిరింతే. అది లేకుండానే ఆమె మాటలు ఆమెను పట్టిస్తున్నాయి.

ఆడమ్స్ 1989లో విడుదలయ్యాడు. సర్కారు పైసా పరిహారం ఇవ్వలేదు. టీవీ క్రైమ్ కార్యక్రమాలు మాత్రం ఈ స్లోమోషన్‌నీ నటుల్నీ ఎత్తుకుపోయి, సరిగ్గా మోరిస్ చెయ్యననుకున్న పనికి వాడుకున్నాయి: హంతకుడు ఇలా వచ్చాడు, ఇలా కాల్చాడు అని రూఢిగా చూపించడానికి.