సహనము కళ యగునా? — తెహ్చింగ్ షే గడియార ప్రదర్శనము

శరీరమును దీర్ఘకాలము క్లేశమునకు గురిచేయుటయే ప్రధానముగా గల ప్రదర్శనకళ యొకటి ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున పాశ్చాత్యదేశములందు ప్రబలినది. క్లేశమే కళ యైనచో రోగియు, ఖైదీయు, కూలివాడును కళాకారులే కావలెను గదా! ఈ శంకను విచారించుటకు తెహ్చింగ్ షే కృతి యొకటి మిక్కిలి యనుకూలమైనది.

ఆయన 1950లో తైవానులో జన్మించెను; 1974లో నావికుడుగా వచ్చి, ఓడ విడిచి అమెరికాలో దిగి, 1988లో క్షమాభిక్ష లభించువరకు అనుమతిపత్రములు లేకయే నివసించెను. 1980 ఏప్రిల్ 11 మొదలు ఒక సంవత్సరము, న్యూయార్కులోని తన పనిశాలయందు, రేయింబవళ్లు గంటగంటకును, కార్మికుల హాజరు గుర్తించు గడియారయంత్రమున కార్డుపై ముద్ర వేసెను. ప్రతిముద్రకు కెమెరా యొక చిత్రమును గ్రహించెను. ఆరంభమున తల గొరిగించుకొనెను. పెరుగు జుట్టే కాలమునకు కొలత.

2017లో వెనిస్ ద్వైవార్షిక కళాప్రదర్శనమున ఒక పూర్వపు చెరసాలలో ఈ కృతిని మేము చూచితిమి. ప్రదర్శనమునకు పేరు ‘డూయింగ్ టైమ్’. ఆంగ్లమున ఆ నుడికి శిక్షాకాలము గడపుట యని యర్థము. అచట క్లేశము లేదు. దాని జాడలే కలవు. సంవత్సరమంతయు ఇంచుమించు ఆరు నిమిషముల చలనచిత్రమై పరుగెత్తినది. జుట్టు పెరుగుచుండును, దేహము కంపించుచుండును, అంతే. జాలి పుట్టుటకు వ్యవధి లేదు. పిదప కార్డులయొద్ద నిలిచినపుడు గాని, ఆ ఆరు నిమిషములలో ఎన్ని నిద్రలు తెగినవో మాకు స్ఫురింపలేదు.

వేయవలసిన ముద్రలు 8,760. తప్పినవి 133: నిద్రవలన 94, ఆలస్యమువలన 29, తొందరవలన 10. మా యభిప్రాయమున ఈ పట్టికయే కృతికి ప్రాణము. మన యవధానమును తలపునకు దెచ్చుకొందము. అదియు సహనపరీక్షయే, కాని యందు ధారణాలోపము దోషము, తుదకు పద్యము మిగులును. ఇచట మిగులునది పద్యము కాదు, లెక్క. లోపము సైతము ఆ లెక్కలో చేరి కృతికి అంగమైనది. దాచిన యెడల ఇది గారడీ యయ్యెడిది. చెప్పుటవలన మనుష్యదేహమునకును యంత్రమునకును గల దూరము వ్యక్తమైనది.

ఒక యాక్షేపమునకు తావు కలదు. కార్మికుడు విధిలేక వేయు ముద్రను షే స్వేచ్ఛగా వేసెను. కార్మికునకు సంవత్సరాంతమున విడుదల లేదు. ఈ భేదమును కృతి చర్చింపదు. అది లోపమే. అయినను, ప్రభుత్వపత్రములలో పేరు లేని యొకడు తన యునికికి గంటగంటకును ముద్రవేసిన సాక్ష్యమును సృష్టించుకొనుట సామాన్యము కాదు. కర్త యుద్దేశ మేమైనను, చూపరికి ఈ యర్థము తోపక మానదు.

కావున సహనము స్వయముగా కళ కాదు. క్లేశమునకు ఒక నియమము, ఆ నియమమునకు ఒక రూపము, ఆ రూపమున తప్పును సైతము దాచని నిజాయితీ—ఈ మూడును కూడినచోటనే అది కళ యగుచున్నది. రోగికిని ఖైదీకిని క్లేశము కలదు. దానికి రూపమిచ్చు స్వాతంత్ర్యము వారికి సాధారణముగా లభింపదు. ప్రతిదినము హాజరుపట్టికలో సంతకము చేయు మనకు, అటుపిమ్మట ఆ సంతకము మునుపటివలె తోపదు.